సాఫ్ట్‌వేరుకు ఒక్కటే దారి ఎప్పుడైంది?

తంబళ్లపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఇంటర్ ఎంపీసీ ముగించిన పిల్లలకు చుట్టూ ఒకే మాట వినిపిస్తోంది: సాఫ్ట్‌వేరు ఉద్యోగం కావాలంటే బీటెక్‌లో సీఎస్ఈ సీటే రావాలి. తాతల నాటి ఆచారంలా నాటుకుపోయిన ఈ నమ్మకానికి వయసు పాతికేళ్ల పైచిలుకే. ఈ వైపు చదువుల చరిత్ర చూడండి: మదనపల్లెలో ఉన్నత విద్య మొదలైంది 1915లో, అనీబిసెంట్ స్థాపించిన కళాశాలతో. ఆ కళాశాల దశాబ్దాల పాటు ఈ మెట్ట ప్రాంతానికి ఇచ్చింది ఆర్ట్స్, సైన్సు చదువులే. ఇంజినీరు కావాలంటే అనంతపురానికో, 1959లో కళాశాల వచ్చిన తిరుపతికో, మద్రాసు గిండీకో వెళ్లాల్సిందే. తంబళ్లపల్లె నియోజకవర్గంలోని అంగళ్లులో మిట్స్ ఇంజినీరింగ్ కళాశాల మొదలైన 1998 తర్వాతే బీటెక్ ఇంటి నుంచి వెళ్లి వచ్చే చదువైంది.

ఈ వృత్తి మాత్రం ఏనాడూ ఒక్క డిగ్రీని పట్టుకుని నడవలేదు. 1937లో ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1958లో గిండీలో పూర్తి చేసింది సివిల్ ఇంజినీరింగ్. ఆస్ట్రేలియాలో ఎంటెక్ చేసి, అక్కడే ఐబీఎంలో పనిచేసి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ పొందారు. కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని మరొకరితో కలిసి అందుకున్నారు. అప్పట్లో మన దేశంలో ఆ డిగ్రీయే లేదు కదా, ఐఐటీ కాన్పూర్ కంప్యూటర్ సైన్సు బీటెక్ మొదలుపెట్టిందే 1978లో కదా అనవచ్చు. నిజమే, ఆయన చివరికి చదివిందీ కంప్యూటర్ శాస్త్రమే. నేను ఆయన్ను ఉదాహరించేది చదువు అక్కర్లేదని చెప్పడానికి కాదు, మొదటి డిగ్రీ ఆ తలుపు మూసెయ్యలేదని చూపడానికి. పైగా మేధావి ఒక్కడితోనే వాదం నిలబెట్టనక్కర్లేదు. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచిన పాత ప్రోగ్రాములను 2000 రాకముందే సరిచేయాల్సి వచ్చినప్పుడు, హైదరాబాద్ అమీర్‌పేటలో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకున్నవారిలో మెకానికల్ వాళ్లు, ఎంసీఏ వాళ్లు, లెక్కల డిగ్రీ వాళ్లు అందరూ ఉన్నారు.

మరి దారి ఎందుకు ఇరుకైంది? పని స్వభావం కంటే సీట్లు పంచిన పద్ధతే కారణమని నా అభిప్రాయం. రాష్ట్రం 1983లో క్యాపిటేషన్ ఫీజును చట్టంతో నిషేధించింది. ఆ చట్టంపై నడిచిన ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు ప్రైవేటు సీట్లలో సగం తక్కువ ఫీజుకు, సగం ఎక్కువ ఫీజుకు, రెండూ ప్రతిభ ప్రకారమే ఇవ్వాలంది. 1998లో హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరు సంస్థల కోసం సైబర్ టవర్స్ తెరుచుకుంది. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటుతో కూలీ ఇంటి బిడ్డకూ ఇంజినీరింగ్ అందింది. ఇది గొప్ప మేలు, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ మంచి ర్యాంకుకు మొదట దక్కేది సీఎస్ఈ కాబట్టి, పోటీలో సీటుకు పలికిన విలువనే జనం చదువు విలువ అనుకున్నారు.

క్యాంపస్ నియామకాల్లో బీటెక్‌కే పెద్దపీట వేస్తారన్నది కొట్టిపారేయలేని అభ్యంతరం. బీఎస్సీ లాంటి మూడేళ్ల డిగ్రీతో అమెరికాలో ఎంఎస్ సీటు చాలాచోట్ల కష్టమే. ఎంసీఏ ఆ లోటు పూడ్చేది. మూడేళ్ల ఆ కోర్సు 2020 నుంచి రెండేళ్లకు తగ్గింది కాబట్టి బీఎస్సీ దారి ఇప్పుడు అంత పొడవూ కాదు. విప్రో బీఎస్సీ, బీసీఏ పట్టభద్రులను చేర్చుకుని, పని చేస్తుండగానే బిట్స్ పిలానీ ఎంఎస్ చదివించింది. బీటెక్ అడిగే సంస్థల్లోనూ అన్ని బ్రాంచీలనూ పరీక్షకు పిలిచేవి ఎన్నో.

కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు పెట్టబోయే తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే. బ్రాంచి పేరు చూసే ముందు, ఆ కళాశాలలో డేటా స్ట్రక్చర్స్ ఎవరు చెబుతున్నారో, ల్యాబులో విద్యార్థి సొంతంగా ప్రోగ్రాము రాస్తాడో, రికార్డు చూసి ఎక్కిస్తాడో అక్కడ చదివే పిల్లలను అడగండి. జవాబు బాగున్న చోట ఈసీఈ అయినా, బీఎస్సీ కంప్యూటర్స్ అయినా ధైర్యంగా చేర్పించండి.