గినీపంది చరిత్ర: ప్రయోగశాల నుండి పశువైద్యశాలకు

పుంగనూరు పేరు వినగానే పొట్టి ఆవు గుర్తుకు వస్తుంది. కుప్పం ప్రాంతపు రైతుకు పాడిపశువే ఆధారం. ఇటువంటి సీమలో పశువైద్యమనగా ఆవులకు, ఎద్దులకు, గొఱ్ఱెలకు, మేకలకు చేసే వైద్యమే. పిల్లలు ముచ్చటపడి పెంచుకొనే గినీపందికి కూడ వైద్యం ఉన్నదంటే కొందరు నవ్వవచ్చు. కాని పొరుగుననే ఉన్న మదనపల్లెకు ఈ ప్రాణి కొత్తది కాదు.

గినీపంది నిజానికి పంది కాదు. ఎలుక, ఉడుతల వలె కొరికే జంతువు. దీని జన్మస్థానం దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం. క్షయ సూక్ష్మజీవి దీనికి అతి సులభంగా సోకుతుంది. 1882లో రాబర్ట్ కాక్ ఆ సూక్ష్మజీవిని నిరూపించినది ఇటువంటి జంతువుల సహాయంతోనే. తరువాత అనేక దశాబ్దాలు, అనుమానమున్న రోగి కఫాన్ని గినీపందికి ఎక్కించి, కొన్ని వారాలు వేచి చూచి, రోగం నిర్ణయించేవారు.

మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో క్షయ చికిత్సాలయం 1912లో స్థాపితమైనది. చుట్టుపట్ల గ్రామాలలో 1950లో బి.సి.జి. టీకా పరిశోధన ఆరంభమైనది. 1950 దశకంలో అక్కడి వైద్యులు రోగుల నుండి సేకరించిన సూక్ష్మజీవుల తీవ్రతను గినీపందులలో పరీక్షించారు. 1960లో ప్రకటితమైన పరిశోధన కూడ ఒక వింతను బయటపెట్టినది: దక్షిణ భారత రోగుల సూక్ష్మజీవులలో చాలభాగం, బ్రిటన్ రోగుల వాటికంటె, గినీపందిలో తక్కువ తీవ్రత చూపినవి.

మానవుని కోసం చేసిన ఈ ప్రయోగాలే గినీపంది స్వభావాన్ని కూడ తెలియజేసినవి. 1907లో నార్వే శాస్త్రజ్ఞులు హోల్‌స్ట్, ఫ్రోలిక్ గినీపందులకు కేవలం ధాన్యం పెట్టగా వాటికి స్కర్వీ వ్యాధి వచ్చినది. మనిషి వలెనే ఇది కూడ సి విటమినును తన శరీరంలో తయారు చేసుకొనలేదు. ఎలుకకు ఆ చిక్కు లేదు. కనుక ఎలుక మేత గినీపందికి చాలదు. దీనికి పచ్చగడ్డి, కొత్తిమీర, చిన్న జామముక్క వంటివి నిత్యం కావలెను.

మరొక పాఠం మరింత కఠినమైనది. 1943లో పెన్సిలిన్ గినీపందులను చంపగలదని తెలిసినది. ఆ మందు వాటి పేగులలో మేలుచేసే సూక్ష్మజీవులను నశింపజేయగా, విషం పుట్టించే జీవులు విజృంభిస్తాయి. లక్షల మందిని కాపాడిన మందే ఈ ప్రాణికి మృత్యువైనది. అందుచేత ఇంటిలో మిగిలిన మాత్రను దీనికి వేయరాదు.

పళ్ళ సంగతి కూడ గమనించవలెను. గినీపంది పళ్ళన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమలకపోతే అవి అరగక, వంకరగా పెరిగి, మేత నమలడం కష్టమవుతుంది. ఒక పూట మేత ముట్టకున్నా పేగుల కదలిక మందగిస్తుంది; అది రేపటికి వాయిదా వేయదగిన జబ్బు కాదు. వేసవి వేడి దీనికి పడదు గనుక నీడ, గాలి అవసరం.

ఆవును పరీక్షించే వైద్యునికి ఈ విషయాలు తెలిసి ఉంటే చాలు, ఈ చిన్న ప్రాణికి ప్రాణదానం చేయగలడు. అవి తెలియజేసినవి కూడ ప్రయోగశాలలో ప్రాణాలర్పించిన గినీపందులే.