ప్రసారకర్తల సొంత అభిప్రాయాలు, నిష్పాక్షికత నియమాలు

రేడియో, టీవీ ఉద్యోగులు సామాజిక మాధ్యమాల్లో సొంత అభిప్రాయాలు రాయడంపై సంస్థలు విధించే కట్టుబాట్లు ఇవి. ఇంద్రేశం, పటాన్‌చెరు వాసులు వినే హైదరాబాద్ ఆకాశవాణి ప్రసార భారతి కింద పనిచేస్తుంది. 1990 నాటి ప్రసార భారతి చట్టం 12వ సెక్షన్ ప్రకారం భిన్నాభిప్రాయాలను సమతూకంగా అందించాలి, సంస్థ తనదంటూ ఏ భావజాలాన్నీ ప్రచారం చేయకూడదు. ఇది సంస్థకు పెట్టిన హద్దు. అక్కడి కేంద్ర ప్రభుత్వ సిబ్బందికి మాత్రం 1964 నాటి ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించరాదన్న ఆ నియమం సెల్‌ఫోన్లు లేని కాలంలో రాసింది. ప్రభుత్వాన్ని విమర్శించకపోవడం, నిష్పాక్షికంగా ఉండటం ఒకటి కావు. ఈ తేడా చెరిగిపోతే నష్టపోయేది శ్రోతే.

బ్రిటన్‌లో 2023 మార్చిలో శరణార్థుల విధానంపై ట్వీట్ చేసిన ఫుట్‌బాల్ వ్యాఖ్యాత గ్యారీ లినేకర్‌ను బీబీసీ పక్కన పెట్టింది. సహచరులు ఆయనకు మద్దతుగా తప్పుకోవడంతో ఆయన నడిపే కార్యక్రమం ఆ వారం వ్యాఖ్యానమే లేకుండా ప్రసారమైంది. కొద్ది రోజులకే ఆయన్ను తిరిగి పిలిచారు. అదే ఏడాది సెప్టెంబరులో బీబీసీ తన సామాజిక మాధ్యమ మార్గదర్శకాలను సవరించింది.

మన దగ్గర సామాజిక రేడియోలకూ హద్దులున్నాయి. సంగారెడ్డి జిల్లా మాచ్‌నూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో అలాంటిదే; అది 2008లో మొదలైంది. సామాజిక రేడియోలు రాజకీయ కార్యక్రమాలు ప్రసారం చేయరాదని 2006 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి.