పాత డీజిల్ కారు వెనక భాగం: కమాన్ కట్టలు, ఇంధన ట్యాంకు మరమ్మతు

పాత డీజిల్ కారుకు వెనక భాగంలో వచ్చే జబ్బులు ప్రధానంగా రెండు. బరువు మోసే కమాన్ కట్టలు కుంగడం లేదా విరగడం ఒకటి. ఇంధన ట్యాంకు తుప్పు పట్టి కారడం, లోపల మడ్డి పేరుకోవడం రెండోది. షెడ్లలో వీటిని వేర్వేరు పనులుగా లెక్కగడతారు. కట్టలు మార్చే చేయి ఒకటి, ట్యాంకుకు మాటు వేసే చేయి ఇంకొకటి. కానీ కారు నిర్మాణాన్ని, అది పాడయ్యే తీరును, పనిలో ఉన్న ప్రమాదాన్ని కలిపి చూస్తే ఇవి ఒకే మరమ్మతులోని రెండు అంచెలని తేలుతుంది. ట్యాంకు దించకుండా కట్టల జోలికి పోకూడదు, కట్టలు సరిచేయకుండా ట్యాంకు బిగించకూడదు. విడిభాగాల కోసం నెల్లూరు దాకా పోవలసి వచ్చే కలువాయి వంటి మెట్ట ఊళ్లలో ఈ మాటకు మరింత బరువుంది.

వాహనం, ప్రాంతం

ఈ తరహా కార్లకు సరైన నమూనా అంబాసిడర్. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారును ఆధారం చేసుకుని హిందుస్థాన్ మోటార్స్ దీన్ని పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో తయారుచేసింది. 2014 మేలో ఉత్పత్తి ఆగింది. 1,489 సీసీ డీజిల్ ఇంజను వచ్చాక ఇది ఊళ్లలో బాడుగ బండిగా బాగా స్థిరపడింది. జీపుకున్నట్టు దీనికి విడిగా చాసిస్ ఉండదు. బాడీ, అడుగు రేకు, దూలాలు కలిసి ఒకటే కట్టడం. వెనక యాక్సిల్‌ను మోసే కమాన్ కట్టల కొసలు ఆ కట్టడానికే బిగిసి ఉంటాయి. యాక్సిల్ దాటాక డిక్కీ వైపు ఇంధన ట్యాంకు ఉంటుంది. అంటే కట్టల మీద పడిన దెబ్బ, ట్యాంకును పట్టుకున్న రేకుకు చేరడానికి మధ్యలో అడ్డేమీ లేదు. ఇక ఆ కట్టల మీద పడే బరువు చూస్తే, కలువాయి, రాపూరు, పొదలకూరు వైపు నిమ్మతోటలు విస్తారం. కాయలు పొదలకూరు, గూడూరు మార్కెట్లకు పోతాయి. కారులో మనుషులు ఎక్కడమే కాక డిక్కీలో బస్తాలు కూడా వేస్తే ఆ బస్తాల బరువంతా యాక్సిల్‌కు వెనక పడుతుంది. అలా పడిన బరువు తులాదండంలా పనిచేసి ముందు చక్రాలను తేలిక చేస్తూ, తన అసలు తూకం కన్నా ఎక్కువ భారాన్ని వెనక కట్టల మీద మోపుతుంది. దీనికి ట్యాంకులోని డీజిల్ తోడు: లీటరు 0.83 కిలోల చొప్పున 50 లీటర్ల ఇంధనమే 41 కిలోలు దాటుతుంది.

ఒకదాని జబ్బు ఇంకొకదానికి

కట్ట కుంగితే యాక్సిల్‌కూ బాడీకీ నడుమ జాగా తగ్గుతుంది. గుంతలో పడ్డప్పుడల్లా యాక్సిల్ రబ్బరు దిమ్మెను తాకి, ఆ అదురు ట్యాంకు పట్టీలకూ అంచు కుట్లకూ పోతుంది. బండి వెనక దిగిపోవడం వల్ల ట్యాంకు అడుగు రాళ్లకు అందుతుంది. ఇది కట్టల నుంచి ట్యాంకుకు వచ్చే చేటు. ఎదురు దారి కూడా ఉంది. ట్యాంకు కారితే డీజిల్, కట్ట కొసను బాడీకి కలిపే షాకిల్ దగ్గరి రబ్బరు బుష్షుల మీద పడుతుంది. సహజ రబ్బరు డీజిల్‌లో నానితే ఉబ్బి మెత్తబడుతుంది. బుష్షు పోయాక బోల్టు నేరుగా కట్ట కొసన ఉండే కంటిని ఒరుసుకుంటుంది. కొత్త బుష్షులు వేసినా ట్యాంకు కారుతూనే ఉంటే అవీ అదే దారి పడతాయి. ఒకదాన్ని బాగుచేసి ఇంకొకదాన్ని వదిలేస్తే పని సగమే అయినట్టు.

కమాన్ కట్టల పని

కట్ట బిగువును నిర్ణయించేది ప్రధానంగా అందులో పేర్చిన ఉక్కు పట్టీల మందం. బిగువు మందానికి ఘనంగా మారుతుంది. తుప్పు తిని మందం పదో వంతు తగ్గిన పట్టీలో 0.9 × 0.9 × 0.9, అంటే 0.73 వంతు బిగువే మిగులుతుంది. పైకి చూస్తే మాత్రం పట్టీ బాగానే ఉన్నట్టుంటుంది. అందుకే విరిగిన పట్టీ ఒక్కటి మార్చి సరిపెట్టకుండా కట్ట మొత్తం విప్పి, పట్టీల మధ్య తుప్పు గీకి, ఒక్కోదాని మందం కొలవాలి. కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు వదులైతే పట్టీ సరిగ్గా, పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరే విరుగుతుంది, ఎందుకంటే రంధ్రం ఉన్నచోట ఇనుము తక్కువ. సెంటర్ బోల్టు తెగితే యాక్సిల్ ఒక పక్క వెనక్కి జరిగి, కారు రోడ్డు మీద కాస్త అడ్డంగా నడుస్తుంది. బిగింపులోనూ ఒక మెలకువ ఉంది. రబ్బరు బుష్షు బోల్టులను బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగిస్తే, చక్రాలు నేలకు దిగగానే రబ్బరు మెలిపడి త్వరగా చీలుతుంది. బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. ఈ పనంతా జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టి చేసేది కాదు, కింద గట్టి స్టాండ్లు ఉండి తీరాలి.

విరిగిన పట్టీని వెల్డింగ్ చేయించడం, కట్టలో అదనంగా ఒక పట్టీ దూర్చడం ఊళ్లలో చౌక మార్గాలు. మొదటిది పనికిరాదు. స్ప్రింగు ఉక్కుకు సత్తువ ఇచ్చేది దానికి పెట్టిన పదును. వెల్డింగ్ వేడి ఆ పదునును పోగొడుతుంది, పట్టీ మళ్లీ అతుకు పక్కనే విరుగుతుంది. రెండోది కొంతవరకు సమర్థనీయమే, బస్తాలు మోసే బండికి అదనపు పట్టీ వెనక భాగాన్ని నిలబెడుతుంది. కానీ అది మోసేది బరువు మాత్రమే, అదురును కాదు. బిగువు పెరిగిన మేరకు గుంత దెబ్బ బాడీకే చేరుతుంది, అక్కడి నుంచి ట్యాంకు పట్టీలకు. పలచబడిన పట్టీలను అలాగే ఉంచి కొత్తది చేర్చడం కన్నా, అసలు మందంతో రెండు పక్కలా కట్టలు మార్చడం మేలు.

ట్యాంకు పని

ట్యాంకు ఎక్కువగా లోపలి నుంచి పాడవుతుంది. నెల్లూరు జిల్లాకు ప్రధాన వర్షాలు అక్టోబరు–డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. సగం ఖాళీ ట్యాంకులోని గాలిలో చెమ్మ రాత్రి చల్లదనానికి నీరై గోడల మీద పడుతుంది. నీరు డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుక్కి దిగి అక్కడే తుప్పు పెంచుతుంది. నీటికీ డీజిల్‌కూ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు మడ్డిగా మారతాయి. ఆ మడ్డి ఫిల్టరును మూసేస్తుంది. ట్యాంకులోపలి పీల్చే గొట్టానికి చిన్న చిల్లి పడితే డీజిల్‌తోపాటు గాలి వస్తుంది. మెకానిక్ ఎన్నిసార్లు ఎయిర్ తీసినా బండి మళ్లీ ఆగిపోతుంటే పంపును అనుమానించే ముందు ఆ గొట్టాన్ని చూడాలి. ట్యాంకు చిల్లికి వేసే రేకు విషయంలోనూ జాగ్రత్త కావాలి. చేతికందే జింకు రేకు తుప్పు పట్టదు కదా అని వాడతారు. కానీ జింకు డీజిల్‌తో కలిసి సబ్బులాంటి పదార్థాన్ని పుట్టిస్తుంది, అదీ ఫిల్టరుకే చేరుతుంది. మామూలు ఉక్కు రేకే సరైనది. అంచు కుట్టు పొడవునా తుప్పు పట్టి ఉంటే మాట్లు వేస్తూ పోవడం దండగ, ట్యాంకు మార్చాలి.

ఆక్షేపణలు

డీజిల్ పెట్రోలులా భగ్గుమనదు, ట్యాంకు దించకుండానే పక్కన వెల్డింగ్ చేయవచ్చు అన్నది బలమైన ఆక్షేపణ. ఇందులో సగం నిజముంది. పెట్రోలు ఆవిరి సున్నాకు ఎంతో దిగువ ఉష్ణోగ్రతల్లోనూ అంటుకుంటుంది, డీజిల్‌కు అంతకన్నా వేడి కావాలి. అయితే భారతీయ ప్రమాణం డీజిల్ జ్వలన స్థానానికి పెట్టిన కనీస హద్దు 35 డిగ్రీలు. మెట్టలో ఎండాకాలం నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. అంటే హద్దును అంచున దాటిన డీజిల్‌కు మండే ఆవిరి పుట్టించే వేడి వాతావరణమే ఇస్తోంది, గ్యాసు మంట దాకా పోనక్కర్లేదు. పైగా ఖాళీ చేసిన ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, మూలల్లో మిగిలిన మడ్డి వేడికి ఆవిరై గాలితో కలుస్తుంది. తుప్పుతో పట్టేసిన షాకిల్ బోల్టుకు గ్యాసు మంట చూపించక తప్పదు, ఆ బోల్టు ట్యాంకుకు దగ్గర్లోనే ఉంటుంది. ట్యాంకు ముందు దిగాలన్న నియమానికి మూలం ఇదే. దించిన ట్యాంకును కూడా వేడి నీళ్లతో, సబ్బుతో పలుమార్లు కడిగి, మాటు పడే చోటు మినహా నీటితో నింపి, గాలి పోయే దారి తెరిచి ఉంచాకే అతుకు వేయాలి.

పదిహేనేళ్లు దాటిన కారు మీద ఇంత ఖర్చెందుకన్నది రెండో ఆక్షేపణ. 2022 ఏప్రిల్‌లో అలాంటి కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము రూ.5,000 అయింది, పైగా బండి తనిఖీకి నిలబడాలి. ఇది తోసిపుచ్చదగ్గ మాట కాదు. కట్టలు బిగించే దూలాలే తుప్పుతో పొరలు ఊడుతుంటే ఆ కారుకు మరమ్మతు చేయకపోవడమే వివేకం, ఎందుకంటే కొత్త కట్టకు ఆధారమే లేదు. దూలం గట్టిగా ఉంటే లెక్క మారుతుంది. రెండు పనులకూ బండి ఎత్తే కూలి, విప్పే కూలి, నెల్లూరు ప్రయాణం చాలావరకు ఉమ్మడి. ఆరు నెలల తేడాతో రెండుసార్లు విప్పితే ఆ ఉమ్మడి ఖర్చు రెండింతలవుతుంది. అందుకే మొదట దించవలసింది ట్యాంకు, ఆ ఖాళీలోంచి సుత్తితో తట్టి చూడవలసింది దూలం. దూలం ఖంగుమంటే కట్టలకు కొలత పంపవచ్చు, రేకు లోపలికి నొక్కుకుపోతే ఖర్చు అక్కడితో ఆపవచ్చు.