అమీర్‌పేట వేధశాల, రంగాపూర్ గ్రహణం

అమీర్‌పేట, పంజాగుట్ట, బేగంపేట మెట్రో స్టేషన్ల మధ్య నిజామియా వేధశాల ఆవరణ ఉంది. ఇప్పుడు ఆ చిరునామా చెబితే చాలామందికి గుర్తొచ్చేది అక్కడి ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం. ఒకప్పుడు అక్కడి గుమ్మటాల కింద ఏళ్ల తరబడి ఆకాశాన్ని గాజుపలకల మీద చిత్రించారు. మన నేల మీద గ్రహణాన్ని చిత్రించిన కథలో ఆ ఆవరణకు దక్కాల్సిన చోటు దక్కలేదని నా నమ్మకం.

కథ వేధశాల కంటే పాతది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగింది. ఫ్రాన్సు నుంచి పియరీ జాన్సెన్ గుంటూరు వచ్చి ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో పరికరాలు అమర్చుకున్నాడు. అదే ఊళ్లో మేజర్ టెనెంట్ బృందం కెమెరాలతో సిద్ధమైంది. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో దిగాడు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి మరో జట్టుతో నిజాం రాజ్యంలోని వనపర్తి సంస్థానానికి వెళ్లాడు. తెల్లదొరల పేర్లతో నిండిన ఆ గ్రహణ చరిత్రలో ఈ వనపర్తి శిబిరాన్ని విడిగా చెప్పుకోవాలి. అంతకు ముందే ఆయన ఒక చరనక్షత్రాన్ని కనుగొన్నాడు. ఆ తర్వాత 1874 నాటి శుక్ర సంక్రమణం గురించి మామూలు జనానికి అర్థమయ్యేలా దేశభాషల్లో పుస్తకం వేయించాడు.

ఆనాటి ఫొటోగ్రఫీ ఎంత కష్టమైన పనో తలుచుకుంటే ఆశ్చర్యమేస్తుంది. గాజుపలకకు కొలోడియన్ పూయాలి, వెండి లవణంలో ముంచాలి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి చిత్రం తీయాలి, తడి ఆరకముందే కడగాలి. ఆగస్టు వేడిలో, చీకటి డేరాలో, ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి పలకలు అందిస్తూ చేయాల్సిన పని అది. గుంటూరులో సంపూర్ణత ఐదున్నర నిమిషాలకు పైగా నిలిచింది. పల్చటి మబ్బు అడ్డొచ్చింది. అయినా టెనెంట్ బృందం ఆరు పలకలు తీయగలిగింది. సూర్యుడి అంచున కొమ్ములా లేచిన పెద్ద జ్వాల వాటిలో పడింది. చుట్టూ ఉండే మసక వెలుగు, కరోనా, సరిగా పడలేదు. జాన్సెన్ చూపు ఆ జ్వాలల వర్ణపటం మీదే ఉంది. వాటి గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా చూడొచ్చని ఆయనకు తోచింది. మర్నాడు పొద్దున్నే చూశాడు, కనబడ్డాయి. హీలియం గుంటూరులోనే దొరికిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. కచ్చితంగా చెప్పాలంటే ఆ రోజు గుంటూరు ఇచ్చింది కొత్త మూలకాన్ని కాదు, సూర్యుణ్ణి ఏ రోజైనా పరిశీలించే పద్ధతిని. నా దృష్టిలో అది అంతకంటే పెద్ద సంగతి.

శిబిరాలు ఎత్తేశారు, పలకలూ నివేదికలూ లండన్‌కు, పారిస్‌కు వెళ్లిపోయాయి. చూసిన చోట పరికరం మిగల్లేదు, పని నేర్చినవాళ్లూ మిగల్లేదు. ఆ లోటు తీరడానికి దారి వేసినవాడు నవాబ్ జఫర్ జంగ్. ఆయన ఇంగ్లండు నుంచి 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని తెప్పించి, 1901లో ఫిసల్‌బండాలో వేధశాల మొదలుపెట్టాడు. 1907లో ఆయన కన్నుమూశాక నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. ఆర్థర్ చాట్‌వుడ్ తొలి డైరెక్టరయ్యాడు. అప్పట్లో ఊరి బయట ఉన్న బేగంపేట స్థలానికి పరికరాలు చేరాయి. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది.

అక్కడి అసలు పనిముట్టు 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్, నక్షత్రాలను ఫొటో తీయడానికే చేసిన దూరదర్శిని. ఆకాశమంతటినీ పలకల మీద చిత్రించే అంతర్జాతీయ పథకంలో చిలీలోని శాంటియాగో వదిలేసిన దక్షిణ 17 నుంచి 23 డిగ్రీల పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చింది. తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా చేరింది. 1914లో మొదలైన ఈ చిత్రణ 1938 దాకా సాగింది. పలక తీయడం ఒక రాత్రి పని. దాని మీది ఒక్కో చుక్క స్థానాన్ని కొలిచి రాయడం నెలల పని. టి.పి. భాస్కరన్ ఈ శ్రమలో ఎక్కువ భాగాన్ని నడిపించాడు. అక్కడే సహాయకుడిగా ఉన్న ఎం.కె. బప్పు కొడుకు వేణు బప్పు ఈ ఆవరణలోనే దూరదర్శినితో స్నేహం పెంచుకున్నాడు. హైదరాబాదు ప్రభుత్వ ఉపకారవేతనంతో హార్వర్డ్ చేరి, 1949లో తాను తీసిన పలక మీద ఒక తోకచుక్కను పట్టాడు. దానికి బప్పు, బాక్, న్యూకిర్క్ ముగ్గురి పేర్లూ పెట్టారు.

ఊరు పెరిగింది. బేగంపేట రాత్రులు వెలుగుతో నిండిపోయాయి. అక్బర్ అలీ డైరెక్టర్‌గా ఉన్న కాలంలో తలపెట్టిన 48 అంగుళాల దూరదర్శినిని నగరానికి దూరంగా, జాపాల్, రంగాపూర్ గ్రామాల దగ్గర నిలిపారు. అది 1968లో పని మొదలుపెట్టింది. 1980 ఫిబ్రవరి 16 శనివారం నాటి సంపూర్ణ గ్రహణ మార్గంలో సరిగ్గా ఆ చోటే పడింది. గ్రహణం కోసం అక్కడ పదడుగుల రేడియో దూరదర్శిని పెట్టారు. చంద్రుడు సూర్యబింబంలోని చురుకైన ప్రాంతాలను ఒక్కొక్కటిగా మూసేస్తుంటే రేడియో తరంగాల బలం మెట్లుమెట్లుగా తగ్గుతుంది. ఏ తరంగం ఎక్కడినుంచి వస్తోందో ఆ తగ్గుదలే చెబుతుంది. అమెరికా నుంచి జే పాసకాఫ్ బృందం కూడా రంగాపూర్ వచ్చి కరోనాలో కంపనాలను వెతికింది. ఈసారి అతిథులకు ఆతిథ్యమిచ్చింది స్థానిక విశ్వవిద్యాలయం. 1868కీ దీనికీ ఉన్న తేడా అదే.

ఆ మధ్యాహ్నం దేశంలో చాలా ఊళ్లలో వీధులు నిర్మానుష్యమయ్యాయి. తలుపులు బిగించుకుని కూర్చున్నవాళ్లను తప్పుపట్టలేను. సూర్యుణ్ణి ఎలా చూడాలో వాళ్లకు నేర్పినవాళ్లు బహు తక్కువ. పాక్షిక దశలో కంటికైనా కెమెరా కటకానికైనా ముందు సరైన ఫిల్టర్ ఉండాలి. సంపూర్ణత ఉన్నంతసేపే దాన్ని తీసేయాలి. 1995 అక్టోబరు గ్రహణం నాటికి ఫిల్టర్ కళ్లద్దాలతో బయటికొచ్చినవాళ్లు ఎంతో పెరిగారు.

సూర్యబింబంతో పోలిస్తే కరోనా వెలుగు పది లక్షల వంతు మాత్రమే. అందులోనూ లోపలి భాగం మిరుమిట్లు గొలిపితే బయటి భాగం కనబడీ కనబడనట్టుంటుంది. రెండింటినీ ఒకే చిత్రంలో పట్టాలంటే మధ్యలో ముదురుగా, అంచులకు పోయేకొద్దీ పల్చగా ఉండే ఫిల్టర్ కావాలి. అలాంటి కెమెరాను 1960లలో రూపొందించినవాడు గార్డన్ న్యూకిర్క్, బప్పు తోకచుక్కలో పేరు పంచుకున్న ఆ న్యూకిర్కే. 1980లో అమెరికాలోని హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీ వాళ్లు ఆ కెమెరాను అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెంలో నిలబెట్టారు. రఘునాథాచారి శిబిరం వేసిన వనపర్తి కూడా ఆ జిల్లాలోదే. అది సూర్యుడి చురుకుదనం ఉచ్చదశలో ఉన్న ఏడు. కరోనా కిరణాలు బింబం చుట్టూ అన్ని దిక్కులకూ విచ్చుకున్నాయి. 1868లో గుంటూరు పలకల మీద చిక్కని ఆ వెలుగు పాలెం చిత్రంలో అంచుదాకా స్పష్టంగా పడింది.