రాణీగంజ్ ఉస్తాదుల కాలం

1806లో కంటోన్మెంటుగా పుట్టిన సికింద్రాబాద్‌కి బుల్లెట్ కొత్త కాదు. సైన్యం కోసం విదేశం నుంచి తెప్పించిన ఆ బండిని 1955 తర్వాత మద్రాసులోనే బిగించసాగారు.

నేను సికింద్రాబాద్ రాణీగంజ్‌లో పానా పట్టేనాటికి యెజ్డీలు, రాజ్‌దూత్‌లు కూడా వచ్చేవి. "రేజ్ ఇస్తే మిస్సింగ్ కొడుతుంది ఉస్తాద్, బండి ఎత్తుకుంటలేదు" అనేవాళ్లు. అందరి చేయీ కార్బురేటర్ మీదికే పోయేది. మా ఉస్తాద్ మాత్రం ముందు కాంటాక్ట్ బ్రేకర్ పాయింట్లు చూపించేవాడు: గరుకుకాగితంతో నల్లమచ్చ గీకి, ఫీలర్ గేజ్‌తో సందు 0.4 మిల్లీమీటర్లకు దగ్గరగా పెట్టాలి. అక్కడ నిప్పురవ్వలు మరీ ఎక్కువైతే కండెన్సర్ మీద అనుమానం. అప్పటికీ మొరాయిస్తే పైలట్ జెట్ ఊదడం, కార్బురేటర్ ప్యాకింగ్ దగ్గర గాలి లీకు వెతకడం.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ఉద్గార నిబంధనలు వచ్చాక కొత్త బండ్ల జబ్బు చెప్పేది స్కానర్. పాతవాటికి ఇప్పటికీ ఫీలర్ గేజే దిక్కు.