గ్యాసు పనివారికి శిక్షణ - కొంత చరిత్ర

పసుపు ఉడకబెట్టే రోజుల్లో మా నందిపేట్ పొలాల వెంట నడిచినవారికి ఆ వాసన జీవితాంతం గుర్తుంటుంది. సంక్రాంతి దాటాక తవ్వకం మొదలైతే శివరాత్రి పోయినా కల్లాల దగ్గర పొయ్యిలు ఆరేవి కావు. పెద్ద కడాయిలో కొమ్ములు పోసి, నీళ్లు నింపి, పైన పసుపు ఆకు కప్పి, కింద మంట పెట్టేవారు. ఎప్పుడు దించాలన్నది గడియారం చెప్పే సంగతి కాదు. నురుగు పొంగి, తెల్లటి ఆవిరి లేచి, దానితో ఒక ప్రత్యేకమైన వాసన రాగానే అనుభవం గల పెద్దమనిషి "ఇగ చాలు" అనేవాడు. ఆ విద్య ఏ బడిలోనూ చెప్పింది కాదు. రెండు మూడు ఏళ్లు ఆయన పక్కన నిలబడితే వచ్చేది.

ఇప్పుడు కడాయిల స్థానంలో ఆవిరి బాయిలర్లు వచ్చాయి. వాటికి పీడనం చూపే ముల్లు ఉంటుంది, ఆవిరి ఎక్కువైతే తెరుచుకునే వాల్వు ఉంటుంది. ఆ వాల్వు తుప్పు పట్టి బిగుసుకుపోయిందా లేదా అన్నది ఎంతటి పెద్దమనిషి ముక్కుకైనా తెలియదు. అది ఒకరు చెప్పాలి, ఇంకొకరు నేర్చుకోవాలి. పీడనంతో మూసి ఉంచిన ప్రతి వస్తువుకూ ఇదే వర్తిస్తుంది. మన వంటింట్లో కూర్చున్న గ్యాసు బండ కూడా అటువంటిదే. దానిని నింపేవారికి, మోసేవారికి, ట్యాంకర్లలో తెచ్చి దించేవారికి పని నేర్పడం ఎలా మొదలైంది, ఎక్కడ దెబ్బతిని ఎక్కడ దిద్దుకుంది అన్న సంగతి మన సంఘ సభ్యుల కుటుంబాలకు ఆసక్తి కలిగిస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

మన దేశంలో వంటగ్యాసు అమ్మకం 1955లో బొంబాయిలో బర్మా షెల్ కంపెనీతో మొదలైంది. 1957లో విశాఖపట్నంలో కాల్టెక్స్ వారి చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. 1965లో ఇండియన్ ఆయిల్ వారి ఇండేన్ రంగంలోకి దిగింది. 1974 నుంచి విదేశీ కంపెనీలు ఒక్కొక్కటిగా ప్రభుత్వపరమై, ఎస్సో హిందుస్థాన్ పెట్రోలియంగాను, బర్మా షెల్ భారత్ పెట్రోలియంగాను మారాయి. విశాఖ కాల్టెక్స్ 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. పల్లెలకు మాత్రం ఇవేవీ అప్పట్లో చేరలేదు. మన వైపు గ్యాసు కనెక్షన్ అంటే ఏళ్ల తరబడి ఎదురుచూపు, అది వచ్చిన ఇంటికి వీధిలో ఒక హోదా.

ఈ గ్యాసు స్వభావాన్ని నాలుగు మాటల్లో చెప్పుకోవాలి. పీడనంలో ఉన్నంతసేపు ఇది నీళ్లలాంటి ద్రవం. బయటికి వస్తే ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల వాయువవుతుంది. గాలి కంటే బరువు గనుక పైకి పోదు, నేల మీద పాకి పల్లంలోను, మోరీలోను, మంచం కిందా నిలుస్తుంది. గాలిలో రెండు పాళ్లు కలిస్తే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఎండకు ద్రవం బాగా వ్యాకోచిస్తుంది. కనుక నిల్వ ట్యాంకును 85 శాతానికి మించి నింపరాదన్నది మొదటి పాఠం. ఖాళీ ఉంది కదా అని ఇంకొంచెం పోసేవాడు మేలు చేస్తున్నాననుకుంటాడు, చేసేది ప్రమాదం.

దానికి సొంత వాసన కూడా లేదు. మనం గ్యాసు వాసన అనేది మెర్‌కాప్టన్ అనే గంధక పదార్థానిది, కావాలని కలిపినది. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో న్యూ లండన్ అనే ఊరి బడి కింద సహజవాయువు చేరి, ఎవరికీ తెలియకుండానే పేలింది. దాదాపు 300 మంది, ఎక్కువగా పిల్లలు, చనిపోయారు. ఆ తర్వాతనే గ్యాసుకు వాసన కలపాలన్న చట్టం అక్కడ వచ్చింది. మన వంటింటి దుర్వాసన వెనుక అంతమంది పిల్లలు ఉన్నారు.

పనివారికి శిక్షణ అనే మాటకు అసలైన అర్థం చెప్పిన సంఘటన ఫ్రాన్సులో ఫేజాన్ అనేచోట 1966 జనవరి 4న జరిగింది. పెద్ద గోళాకార ట్యాంకులో ప్రొపేన్ నిల్వ ఉంది. అడుగున చేరిన నీటిని అప్పుడప్పుడు వదలడానికి ఒకదాని కింద ఒకటి రెండు వాల్వులు పెట్టారు. పద్ధతి ప్రకారం ట్యాంకుకు దగ్గరగా ఉన్న పై వాల్వును ముందు పూర్తిగా తెరవాలి, తర్వాత కింది వాల్వును కొద్దికొద్దిగా తిప్పాలి. ఎందుకంటే, గ్యాసు బయటికి దూకేచోట విపరీతమైన చలి పుట్టి మంచు గడ్డ కడుతుంది. గడ్డకట్టేది కింది వాల్వు అయితే పైదానిని మూసి బయటపడవచ్చు. ఆ తెల్లవారుజామున పనివాడు కింది వాల్వును ముందు తెరిచి, పైదానిని కొద్దిగా తిప్పుతూ పోయాడు. పై వాల్వులోనే గడ్డ కట్టింది. ఏమీ రావడం లేదని ఇంకా తిప్పాడు. గడ్డ ఒక్కసారిగా ఊడి గ్యాసు దూకింది, తర్వాత ఆ వాల్వు మూయడం ఎవరి వల్లా కాలేదు. గ్యాసు మేఘం పక్క రహదారికి పాకి ఒక కారు వల్ల అంటుకుంది. వచ్చిన అగ్నిమాపక దళానికి కూడా ఈ రకం మంట కొత్త. నీటిని పక్క ట్యాంకుల మీద ఎక్కువగా వాడారు, మండుతున్న గోళం దాని రక్షణ వాల్వే దానిని కాపాడుతుందనుకున్నారు. సుమారు గంటన్నరకు అది పేలింది. 18 మంది మరణించారు. ఆ పనివాడు సోమరి కాదు, తాగి ఉన్నవాడు కాదు. రెండు వాల్వులలో ఏది ముందు అన్న ఒక్క మాట, దానికి గల కారణంతో సహా, అతని బుర్రలో నాటుకోలేదు. కారణం చెప్పకుండా క్రమం మాత్రం చెబితే మనిషి మరిచిపోతాడు. ఉపాధ్యాయ వృత్తిలో పనిచేసిన మన సభ్యులకు ఈ మాట కొత్త కాదు.

1984 నవంబరు 19న మెక్సికో నగరం శివార్లలోని గ్యాసు నిల్వ కేంద్రంలో గొట్టం పగిలి, ట్యాంకులు వరుసగా పేలి, 500 మంది దాకా మరణించారు. రెండు వారాలకే మన భోపాల్. అది వేరే రసాయనం, కాని ఈ రెండూ కలిసి మన ప్రభుత్వాన్ని కదిలించాయి. 1986లో చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ ఏర్పడింది. గ్యాసు కేంద్రాల నిర్మాణం ఎలా ఉండాలో చెప్పే 144వ ప్రమాణంతో పాటు, పనివారి శిక్షణలో భద్రతాంశాలు ఏమేమి ఉండాలో చెప్పే 154వ ప్రమాణం కూడా అక్కడి నుంచి వచ్చినదే. శిక్షణ యజమాని దయ కాదు, లెక్క చూపవలసిన విధి అన్నది అప్పటి నుంచి కాగితం మీదికి ఎక్కింది.

కాగితం చాలదని 1997 సెప్టెంబరు 14న తెలిసింది. అది ఆదివారం. విశాఖ రేవులో ఓడ నుంచి గ్యాసును శుద్ధి కర్మాగారం గోళాలలోకి గొట్టం ద్వారా పంపుతుండగా కారింది. తెల్లవారేసరికి మేఘంలా నేల మీద పరుచుకుని అంటుకుంది. గోళాలు పేలాయి, చమురు ట్యాంకులు తగలబడ్డాయి, 60 మంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్నారు. నల్లటి పొగ చూసి జనం ఊరు విడిచి పరుగులు తీశారు. ఆ రోజుల్లో విశాఖలో ఉద్యోగం చేస్తున్న పిల్లల కోసం మన జిల్లా నుంచి ఫోన్లు కలవక ఎందరు తల్లిదండ్రులు తల్లడిల్లారో!

ఆ తర్వాత నిల్వ పద్ధతే మారుతూ వచ్చింది. బయటి మంట తగలకుండా ట్యాంకులను మట్టిలో కప్పి ఉంచే విధానం వ్యాపించింది. విశాఖలోనే సముద్రమట్టానికి దాదాపు 200 మీటర్ల దిగువన, రాతిలో తొలిచిన గుహలో 60,000 టన్నుల గ్యాసు నిల్వచేసే ఏర్పాటు 2008 నాటికి పనిలోకి వచ్చింది. విశాఖ నుంచి సికింద్రాబాదుకు గ్యాసు గొట్టపుమార్గం 2004లోనే వచ్చింది. అంతకుముందు ఆ గ్యాసు కోసం రోడ్డెక్కే ట్యాంకర్లు కొంత తగ్గాయి.

ట్యాంకరు డ్రైవరు సంగతి వేరే చెప్పుకోవాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళి 9వ నియమం ప్రకారం ప్రమాదకర సరుకు తోలేవాడు మూడు రోజుల ప్రత్యేక శిక్షణ పొందాలి. ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం వచ్చి ఉండాలి. ఉద్దేశం మంచిదే. కాని మన వైపు లారీ డ్రైవర్లలో తెలుగు మాట్లాడి ఉర్దూ చదివేవారు, ఉర్దూ మాట్లాడి ఏదీ చదవనివారు ఎందరో మనకు తెలుసు. బండి మీది హెచ్చరిక పలక ఇంగ్లీషులో, పాఠం హిందీలో, పరీక్ష తలూపడంలో జరిగితే ఆ మూడు రోజుల్లో ఏం మిగులుతుంది? గ్యాసు దించేచోట చేయవలసినవి నిజానికి చిన్న పనులే. ఇంజను ఆపి తాళం చెవి తీసుకోవాలి, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టాలి, ముందుగా ఎర్తు తీగ తగిలించాలి, గొట్టాలు బిగించి కారుతున్నదేమో చూడాలి, పని అయ్యేదాకా మనిషి అక్కడి నుంచి కదలరాదు. ఒక్కొక్కటి ఎందుకో తన భాషలో విన్నవాడు చేస్తాడు.

2000 తర్వాత మరో కొత్త వృత్తి పుట్టింది. కార్లలో, ఆటోలలో గ్యాసు వాడకానికి చట్టం అనుమతి వచ్చింది, 2001లో దానికి ప్రత్యేక ఉత్తర్వు వెలువడింది. 2003లో గెయిల్, హిందుస్థాన్ పెట్రోలియం కలిసి భాగ్యనగర్ గ్యాస్ సంస్థను ఏర్పాటుచేశాయి. బంకులో సహజవాయువును సుమారు 200 రెట్ల వాతావరణ పీడనంతో నింపుతారు. ఇది గాలి కంటే తేలిక, పైకి పోతుంది, అందుకని పైకప్పు కింద చిక్కుకోకుండా చూడాలి. వంటగ్యాసు కిందికి, ఇది పైకి. ఒకచోట నేర్చినవాడు ఇంకోచోట తారుమారు చేసే అవకాశం ఉంది. మనుషులను బండి దింపిన తర్వాతే గొట్టం తగిలించాలన్న నియమానికి ఆటోలో కూర్చున్న మనమే ముందు విసుక్కుంటాం.

ఇక పల్లె. 1999లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్జ్వల పథకం గ్యాసును గుడిసెల దాకా తెచ్చాయి. కట్టెల పొగతో కళ్లు పోగొట్టుకున్న తల్లులను చూసినవాడిగా దీనిని నేను పెద్ద మేలుగానే భావిస్తాను. కాని శుద్ధి కర్మాగారంలో ఇన్ని పాఠాలు నేర్పిన వ్యవస్థకు చివరి ఉపాధ్యాయుడు ఎవరు? బండ భుజాన పెట్టుకుని వచ్చే కుర్రవాడు. తూకం చూపించి, కారుతున్నదేమో పరీక్షించి ఇవ్వవలసింది అతనే. 2016లో ఏర్పడిన ఇంధన రంగ నైపుణ్య మండలి వంటివి ఇటువంటివారికి కూడా పాఠ్యాంశాలు తయారుచేశాయి. అవి ఎంతమంది భుజాల దాకా చేరాయన్నది మన గుమ్మంలోనే తేలుతుంది.

ఆ మధ్య మా ఇంటికి బండ తెచ్చిన అబ్బాయి దించేసి పోబోతుంటే ఆపాను. మూత తీసి వాల్వులో ఒక చుక్క నీళ్లు వేయమన్నాను. "సారూ, బండ తెచ్చి ఇయ్యుమన్నరు. గిది సూడుమని ఎవ్వలు చెప్పలే" అన్నాడు. తప్పు అతనిది కాదు. నేనే చెంచాతో నీళ్లు వేశాను. బుడగలు వరుసగా లేచాయి. విచిత్రమేమంటే నాకు గాని, మా ఇంటావిడకు గాని వాసన తెలియలేదు. వయసు మీద పడితే ముక్కు మందగిస్తుందని విన్నాను, ఆ రోజు చూశాను. మూత బిగించి, బండను వాకిట్లోకి తీసి, మెడ దగ్గరి పట్టీ మీద అక్షరం, అంకె చూపించాను. ఏ అంటే మార్చి, బి జూన్, సి సెప్టెంబరు, డి డిసెంబరు నెలాఖరు, పక్కన సంవత్సరం, ఆ గడువు దాటితే బండను మళ్లీ పరీక్ష చేయించాలి. అతను వేలితో తడుముతూ చదివాడు. "ఇన్నేండ్లు మోస్తున్న సారూ, గిదేందో నంబరు అనుకున్న" అన్నాడు. ఎక్కడైనా కారితే 1906కు ఫోను చేయాలన్నది కూడా అతనికి తెలియదు, రాసిచ్చాను.

గంటలో వేరే బండ తెచ్చాడు. ఈసారి జేబులో చిన్న నీళ్ల సీసా ఉంది, మేం అడగకముందే మూత తీశాడు. ఇప్పుడు మా గల్లీలో అతని బండి ఆగగానే ఆడవాళ్లే గుమ్మంలోంచి "తమ్మీ, నీళ్ల చుక్క ఎయ్యి" అని కేకేస్తున్నారు.