డేరా తాడూ, డేరా మేకూ

మన సాహిత్య చరిత్రల్లో స్త్రీ పద్యం రాస్తే అది గుండెలోంచి పొంగిందంటారు. మగవాడు రాస్తే ఆయనకు ఛందస్సు తెలుసంటారు. ఏడో శతాబ్దపు అరబ్బు కవయిత్రి అల్ ఖన్సాకీ, హైదరాబాద్ కవయిత్రి మహ్ లఖా బాయి చందా (1768–1824)కీ ఇదే న్యాయం దక్కింది. ఒకరు సోదరుల కోసం ఏడ్చిన ఆడపడుచు, మరొకరు నిజాం దర్బారులోని అందగత్తె. ఆ పద్యాలు ఎలా నిలబడ్డాయని అడిగినవాళ్లు తక్కువ.

అరబిక్ ఛందస్సును ఎనిమిదో శతాబ్దంలో బస్రాకు చెందిన అల్ ఖలీల్ శాస్త్రంగా కూర్చాడు. పదిహేను ‘బహర్’లు చెప్పాడు, పదహారోది తర్వాత చేరింది. ఆ పరిభాషంతా డేరాదే. పద్యం పేరు ‘బైత్’, అంటే ఇల్లు. గణంలో ‘సబబ్’ అంటే తాడు, ‘వతద్’ అంటే మేకు. ‘జిహాఫ్’ అనే సడలింపు తాడుకే గాని మేకుకు లేదు. ఉదాహరణకు ‘కామిల్’ బహర్‌లో ‘ముతఫాఇలున్’ గణం మొదట్లో ఉన్న రెండు లఘువుల చోట ఒక గురువు రావచ్చు. మన కందంలో సగణం ఉండదగిన చోట గగం వచ్చినట్టే. ఒకే పద్యంలో ఒక పాదం అలా, ఇంకొకటి ఇలా నడవొచ్చు.

ఖన్సా శోకగీతాలు కొన్ని ‘బసీత్’లో, కొన్ని ‘ముతఖారిబ్’లో ఉన్నాయి. ఖలీల్ సూత్రాలకు వందేళ్ల పైచిలుకు ముందే ఆమె ఈ సడలింపులను వాడింది. అలాంటి కవుల పద్యాలు వినే ఆయన శాస్త్రం కట్టాడు. అంటే ఆ ఏడుపుకు లెక్క తెలుసు.

ఈ ఛందస్సు ఫారసీ మీదుగా దక్కన్ ఉర్దూలోకి వచ్చేసరికి నియమం బిగిసింది. మొదటి పాదంలో ఎంచుకున్న మార్పును, కొద్ది మినహాయింపులతో, గజల్ చివరిదాకా నిలపాలి. ఖన్సాకు ఉన్న వెసులుబాటు చందాకు లేదు. అయినా 1798 నాటికి ఆమె దీవాన్ సిద్ధమైంది. 1799లో ఆమె జాన్ మాల్కంకు ఇచ్చిన ప్రతి నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దీవాన్ అంటే అంత్యాక్షరాల వరుసలో గజళ్లు అమర్చిన సంపుటి. అది ఆవేశంలో అయ్యే పని కాదు, ఏళ్ల తరబడి చేసిన సాధన.

1991లో సూసీ తారు, కె. లలిత ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’లో చందాకు చోటిచ్చారు. అప్పటినుంచి ఆమె జీవితం గురించి చాలానే మాట్లాడుకున్నాం. మౌలాలిలో తల్లికి కట్టించిన సమాధినీ, అక్కడే ఉన్న ఆమె సమాధినీ చూసి వస్తున్నాం. ఇక ఆమె పాదాలను గురువూ లఘువూ వేరుచేసి చదవడం మొదలుపెట్టాలి. పనితనాన్ని గుర్తించనంత కాలం, మనమూ ఆమెను అందగత్తెగానే మిగిల్చినట్టు.